నాలుగో కారణం

షిబెనై, హొక్కైదో
జూన్ 9

మామయ్యకి చిహయా నమస్కారాలు.

వాతావరణం గురించి రెండు ముక్కలు రాయకుండా అసలు సంగతికి రాకూడదని అమ్మ నేర్పింది కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ మంచు కరిగిపోయింది. గడ్డి మోకాలెత్తు పెరిగింది. మేము కోసేలోపు జింకలు మేసేస్తున్నాయి.

ఇక అసలు సంగతి. నవంబర్‌లో మీ పుట్టినరోజుకి తుపాకి అనుమతి గడువు అయిపోతుందనీ, ఈసారి మీరు పొడిగించుకోవడం లేదనీ అత్తయ్య ఫోన్‌లో చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మీరు పక్కనే ఉన్నారట, వినబడలేదట. మీకు ఫోన్‌లో ఏదీ వినబడదు కాబట్టే ఈ ఉత్తరం.

సెప్టెంబర్ 8కి నేను షాట్‌గన్ తీసుకుని పదేళ్ళు నిండుతాయి. ఆ మర్నాటి నుంచి రైఫిల్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ రైఫిల్ నాకివ్వండి. దీనితో పాటు పంపిన కాగితం, ఆ తుపాకిని నాకు ఇవ్వడానికి మీకు సమ్మతమేనని చెప్పేది. తుపాకి నంబరు, గొట్టం పొడవు నింపి కింద సంతకం చోట మీ పేరు ముద్ర వేస్తే చాలు. అది లేకుండా స్టేషన్‌లో నా దరఖాస్తు ముట్టుకోరు.

'కారణం' అన్న గడిలో, పంటకి నష్టం చేసే జంతువుల నివారణ అని రాస్తాను. అది నిజమే. ఇక్కడ జింకల్ని కొట్టే దళంలో ఆరేళ్ళుగా ఉన్నాను. మా పొలాలన్నీ బయలు నేలలు, జింక రెండొందల మీటర్ల దూరంలోనే ఆగిపోతుంది, షాట్‌గన్ అంత దూరం అందదు. అందుకని వచ్చే ఏడాది నుంచి రైఫిల్ ఉన్నవాళ్ళకే దళంలో చోటు అన్నారు.

గెంజో గారు మీ రైఫిల్ ఇక పేలకుండా గొట్టంలో ఇనుము పోయించి, వేడినీళ్ళ స్నానశాల గుమ్మంలో అద్దాల పెట్టెలో పెడతానంటున్నారని కూడా అత్తయ్య చెప్పింది. అది మాత్రం అబద్ధమని రాయండి.

మీ మేనకోడలు
చిహయా


హినొసవా, అకితా
జూన్ 20

చిహయాకి,

వాన. వాతావరణం అయిపోయింది.

కాగితం అందింది. ముద్ర వెయ్యలేదు.

నా రైఫిల్‌కి తూటా ఎక్కించడానికి లాగే బోల్టు ఎడమవైపు ఉంటుంది. ఎడమచేతివాళ్ళ కోసం చేసిన వస్తువది. నువ్వు కుడిచేతిదానివి. ఆరేళ్ళప్పుడు నా ఎదురుగా కూర్చుని, నా గిన్నెలో పుట్టగొడుగులన్నీ కుడిచేత్తోనే దొంగిలించేదానివి. కళ్ళద్దాలు అక్కర్లేనివాడు కళ్ళద్దాలు అడిగినట్టుంది నీ వరస.

గెంజో సంగతి అబద్ధం కాదు. మా వేట దళానికి పెద్ద కాబట్టి ఊళ్ళో తుపాకులన్నీ తనవే అనుకుంటాడు. మొన్న వచ్చాడు.

"ఒరేయ్ తొమెకిచీ, పెట్టెలో బల్బు కూడా పెట్టిస్తున్నా. కింద ఇత్తడి పలక. దాని మీద 'పిసినారి తొమెకిచి తుపాకి'."

"పలక దేనికిరా?"

"స్నానానికొచ్చినోళ్ళు చదువుకుని నవ్వుకోవద్దూ? ఎడమచేతి తుపాకి చవగ్గా వస్తోందని కొని, దాని కోసం ఎడం భుజంతో కాల్చడం నేర్చుకున్నోడు ఈ జపాన్ మొత్తానికి నువ్వొక్కడివే గదా!"

నలభై రెండేళ్ళుగా వింటున్న జోకు. ఇంకా తానే మొదటిసారి చెప్తున్నట్టు నవ్వుతాడు.

గడువు పొడిగించుకోకపోవడానికి పెద్ద కథేమీ లేదు. మోకాళ్ళు వంగవు, చెవులు వినవు. ఎలుగుబంటి వెనకనుంచి వస్తే అందరికన్నా చివర తెలిసేది నాకే.

తుపాకి ఎందుకని పోలీసులు అడుగుతారు. వాళ్ళకి మూడు జవాబులే పనికొస్తాయి: వేట, పంటల రక్షణ, గురి పోటీలు. మా దళంలో ఇన్నాళ్ళలో పద్నాలుగు మంది ఆ మూడిట్లో ఒకటి రాశారు. ఒక్కడూ నిజం రాయలేదు. గెంజో అంత బరువు రైఫిల్ ఎందుకు కొన్నాడు? వాళ్ళ బావమరిది అంతకన్నా చిన్నది కొన్నాడు గనక. మా ఊరి పళ్ళ డాక్టరు ఎందుకు కొన్నాడు? ఆదివారాలు అత్తగారు భోజనానికొస్తుంది గనక. తపాలా ఆఫీసు కుర్రాడు చెక్కపిడి వాసన నచ్చి కొన్నాడు, ఇప్పటికీ ఒక్క పిట్టని కూడా కొట్టలేదు.

నాకు నీ నాలుగో కారణం కావాలి. అది రాస్తే ముద్ర వేస్తాను. లేకపోతే బల్బు పెట్టిన పెట్టె. అదీ కాదంటే స్టేషన్‌కి అప్పజెప్తే వాళ్ళే కోసి ముక్కలు చేస్తారు.

మామయ్య

(వెనకవైపు)
చిహయా, కవరు అతికించమని నాకిచ్చారు. ఎలాగూ అతికిస్తున్నాను గదా అని నాలుగు ముక్కలు. రోజూ పొద్దున ఆ కాగితం తీసి చూస్తున్నారు. తుపాకి నంబరు నింపేశారు, గొట్టం పొడవు కూడా. ముద్ర పెట్టె నా దగ్గరే ఉంది. ఇంకా అడగలేదు. — యొషినొ అత్త


షిబెనై
జూలై 2

మామయ్యకి నమస్కారాలు.

మొదటి కోత గడ్డి అయింది. ఈ ఏడాది జింకలు వదిలింది మాత్రమే కోశాం కాబట్టి తొందరగా అయింది.

నా నాలుగో కారణం అమ్మ. పోయి నాలుగేళ్ళయింది. మీరు ఆ రైఫిల్‌తో ఎలుగుని కొట్టిన చలికాలాల్లో అమ్మ ముల్లంగి వేసి ఆ మాంసం ఉడకబెట్టేది. ఇంటినిండా ఆవిరి. మీ రైఫిల్ తలచుకుంటే నాకు ఆ వంట గుర్తొస్తుంది. అమ్మ పుట్టింటి వస్తువు ఒకటి నా దగ్గర ఉండాలని ఉంది. ఇంతకన్నా ఏం కావాలి?

ఇక ఎడమచేతి సంగతి. మీరూ కుడిచేతివారే గదా. కుడిచేత్తో తింటారు, కుడిచేత్తో రాస్తారు, మీ రాత అచ్చులో పోసినట్టుంటుంది. మీరు నేర్చుకున్నది నేను నేర్చుకోలేనా? ఒకటి అడుగుతాను, సరిగ్గా చెప్పండి. ఎడమ భుజానికి తుపాకి కుదరడానికి, ఎడమ కంటితో గురి అలవాటు కావడానికి మీకు ఎన్నాళ్ళు పట్టింది?

అసలు అంత తంటా పడి ఆ రైఫిలే ఎందుకు కొన్నారు? గెంజో గారి జోకు కాదు, మీ నోటితో చెప్పండి. కారణానికి కారణం. బేరం న్యాయంగానే ఉంది.

చిహయా


హినొసవా
జూలై 15

చిహయాకి,

నీ కారణం చెల్లదు. జ్ఞాపకం కోసం తుపాకి పెట్టుకోవడం చట్టంలో లేదు, నా దగ్గరా లేదు. పైగా ఆ వంట మీ అమ్మది కాదు, మీ అత్తయ్యది. మీ అమ్మ గిన్నె ఖాళీ చేసి ఉప్పు చాలలేదనేది. రైఫిల్ గోడకి ఆనించి ఉంటే ఆ గదిలోకే వచ్చేది కాదు. చచ్చిపోయినవాళ్ళని సాక్ష్యానికి పిలిచేటప్పుడు, వాళ్ళ సంగతి తెలిసినవాడు బతికున్నాడేమో చూసుకోవాలి.

నేనెందుకు కొన్నానన్నావు. ఊరంతా చెప్పేదే నిజం. ఒదాతేలో తుపాకుల కొట్టు. ఓ మూల దుమ్ము పట్టి ఉంది. ఎవరో ఆర్డరిచ్చి రాలేదట. సగం ధరకిస్తానన్నాడు కొట్టువాడు. తీసుకున్నాను. దీనిలో ఇంకో సుఖం కూడా ఉంది. పక్కవాడి రైఫిల్ బావుందని చేత్తో పట్టుకుని చూడటం గెంజోకి అలవాటు. నాది రెండుసార్లు పట్టుకుని, బోల్టు కోసం కుడివైపు తడుముకుని, సిగ్గుపడి మళ్ళీ అడగలేదు.

నేర్చుకోవడానికి ఎన్నాళ్ళన్నావు. ఒక మధ్యాహ్నం.

బేరం ప్రకారం నా కారణం ఇచ్చాను. నీది బాకీ.

మామయ్య

(వెనకవైపు)
ఇంతకుముందు ఆ కాగితం అల్మారాలో ఉండేది. ఇప్పుడు ఆయన దిండు కిందకి వచ్చింది. పొగబెట్టిన ముల్లంగి ఊరగాయ వేరే పంపుతున్నాను. ఉప్పు సరిపోయిందో లేదో రాయి. — యొ.


షిబెనై
ఆగస్టు 1

మామయ్యకి,

వేడి ఇరవై తొమ్మిది డిగ్రీలు. ఆవులు కూడా మాట్లాడటం లేదు. ఊరగాయలో ఉప్పు సరిపోయింది, అత్తయ్యకి చెప్పండి.

మీ రైఫిల్‌కి తోలు పట్టీ పాతబడి ఉంటుందని, అలాంటిది దొరుకుతుందేమోనని ఒదాతే కొట్టుకి రాశాను. పాతాయన పోయారు, ఇప్పుడు కొడుకు చూసుకుంటున్నాడు. తండ్రి ఏ కాగితమూ పారెయ్యలేదట. మీ రైఫిల్ ఆర్డరు కార్డు దొరికిందని నకలు తీసి పంపాడు. చదువుతున్నాను.

తేదీ 1983 మార్చి 14. కొనేవారి పేరు మీది, ముద్ర మీది. వివరాల దగ్గర మీ చేతిరాత: 'బోల్టు ఎడమవైపే ఉండాలి. ఆలస్యమైనా ఫర్వాలేదు.' 'ఎడమవైపే' కింద రెండు గీతలు. వచ్చింది పదకొండు నెలల తర్వాత. ధర మామూలు రైఫిల్ కన్నా మూడో వంతు ఎక్కువ.

దుమ్ము లేదు, మూల లేదు, సగం ధర లేదు మామయ్యా.

రెండో సంగతి. మా దళంలో కొత్తవాళ్ళకి నేర్పేది నుకుమి గారని ఓ ముసలాయన.

"కుడిచేతివాడు ఎడమ భుజంతో నేర్చుకోవాలంటే ఎన్నాళ్ళు పడుతుందండీ?" అని అడిగాను.

"ఏడాది. మొండిఘటమైతే ఆర్నెల్లు."

"మా మామయ్య ఒక మధ్యాహ్నం అంటున్నాడే."

"అయితే మీ మామయ్య అబద్ధాలకోరన్నా అయ్యుండాలి, పుట్టు ఎడమచేతివాడన్నా అయ్యుండాలి."

ఇందులో మొదటిది నేను ఒప్పుకోలేదు. మా ఇంట్లో అబద్ధాలాడేవాళ్ళు లేరని చెప్పాను. మిగిలింది ఏదో మీకు తెలుసు.

చిహయా


హినొసవా
ఆగస్టు 12

చిహయాకి,

పితృదేవతల పండగ. సమాధులు కడగాలి. తీరిక లేదు.

కొట్టువాళ్ళు పక్కవాళ్ళ కాగితాలు చూపించడం మంచి పద్ధతి కాదు. నీకు పట్టీ అమ్మాడా లేదా?

నిన్న గెంజో వడ్రంగిని తీసుకొచ్చి పెట్టె కోసం రైఫిల్ పొడవు కొలిపించాడు. నేనే చేత్తో పట్టుకుని నిలబడ్డాను. కాదనలేదు.

మామయ్య

(వెనకవైపు)
ఇంత పొట్టి ఉత్తరం మా పెళ్ళిచూపుల తర్వాత మళ్ళీ ఇప్పుడే రాశారు. వడ్రంగి వెళ్ళాక అన్నం తినలేదు.

నీకు ఒక ముక్క చెప్తాను, నేను చెప్పానని అనకు. పెళ్ళైన మూడో రోజునే నాకు తెలుసు. దోమ కుడి చెంప మీద వాలితే నిద్రలో ఎడమచేత్తో కొట్టారు. మెలకువగా ఉంటే కుడిచేత్తో కొడతారు. యాభై రెండేళ్ళుగా చూస్తున్నాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. — యొ.


షిబెనై
ఆగస్టు 24

మామయ్యకి,

మీకు కోపం వస్తే ఉత్తరం పొట్టిదవుతుంది. నేను అబద్ధమాడితే నాది పొడుగవుతుంది. ఇది పొట్టిగా రాయడానికి ప్రయత్నిస్తాను. వాతావరణం కూడా మానేస్తున్నాను.

ఫిబ్రవరి 11, పొద్దున ఐదున్నర. బయట మైనస్ ఇరవై నాలుగు. కొట్టంలో మోమిజి అనే ఆవు వెనక వంగి ఉన్నాను. ఆ చలికి ఆవుల తోక చివర పేడ గడ్డకట్టి రాయిలా వేలాడుతుంది. పాలు పితికే ముందు వాటిని విరగ్గొట్టాలి, అది నా పని. ఆ రోజు ఆలస్యంగా లేచాను. పితికాక విరగ్గొడదాంలే అనుకున్నాను. మోమిజి తోక విసిరింది.

కుడి కన్ను. నల్లగుడ్డు మీద మచ్చ పడింది. డాక్టరు చూపించే అట్టలో అన్నిటికన్నా పెద్ద అక్షరం ఒక్కటే కనిపిస్తుంది, అదీ పొగలో ఉన్నట్టు. ఇక ఇంతకన్నా బాగుపడదన్నాడు. ఎడమ కంటికి ఏమీ కాలేదు.

దళంలో చెట్టుకొమ్మ తగిలిందని చెప్పాను. నుకుమి గారు దాన్ని మెరుగుపరిచి, దెబ్బతిన్న మగజింక కొమ్ముతో పొడిచిందని పక్క ఊళ్ళో చెప్పారు. నేను కాదనలేదు. ఇప్పుడు ఆ ఊళ్ళో నేను కనిపిస్తే లేచి నిలబడుతున్నారు.

మార్చి నుంచి చీపురుకర్రని ఎడమ భుజానికి పెట్టుకుని రోజుకి రెండొందలసార్లు గురి చూస్తున్నాను. షాట్‌గన్‌తో ఇప్పుడు పదికి ఏడు తగులుతున్నాయి. కాని కుడివైపు బోల్టున్న రైఫిల్‌ని ఎడమ భుజం మీద పెడితే, ప్రతి తూటాకీ చెయ్యి ముక్కు మీదుగా అటువైపు వెళ్ళి రావాలి. ఈలోపు జింక ఊరు దాటుతుంది. ఎడమచేతి రైఫిల్ ఈ దీవిలో అమ్మకానికి ఒక్కటీ లేదు. ఎవరిదైనా అరువు తీసుకుందామంటే, ఒక తుపాకి ఒక్క మనిషికే అనుమతి. మీకు తెలిసిందే.

మీకు ముందే చెప్పకపోవడానికి కారణం, జాలిపడి ముద్ర వేస్తారని. అంతకన్నా పెద్ద కారణం, గెంజో గారికి తెలుస్తుందని. ఎలుగు పంజా తగిలితే చెప్పుకోవచ్చు. ఆవు తోక దెబ్బ తిన్న వేటగత్తెకి ఆయన ఎలాంటి పలక రాయిస్తారో నేను ఊహించగలను.

నా నాలుగో కారణం ఇదే. ఆ రైఫిల్ లేకపోతే వచ్చే ఏడాది నేను దళంలో ఉండను. అప్పుడు మోమిజి గెలిచినట్టు. అది మాత్రం నేను ఒప్పుకోను.

మీ కారణం ఇక అడగను. ఆర్డరు కార్డు నకలు ఇందులోనే పెట్టి పంపుతున్నాను. అది మీది.

చిహయా


హినొసవా
సెప్టెంబర్ 3

చిహయాకి,

నీ ఉత్తరం మీ అత్తయ్యకి గట్టిగా చదివి వినిపించాను. తోక దగ్గరికొచ్చేసరికి ఇద్దరం నవ్వాం. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను. మచ్చ దగ్గర ఆగిపోయాం. తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్ళి ముద్ర పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. నేను అడగలేదు.

కాగితం ఇందులో ఉంది. ముద్ర కాస్త వంకరగా పడింది. వంకర ముద్ర చెల్లదని ఎక్కడా లేదు.

ఇక నీకు నేను బాకీ.

1954లో బళ్ళో చేరాను. ఎడమచేత్తో పెన్సిల్ పట్టుకున్నానని మాస్టారు ఆ చేతిని గుడ్డతో నడుముకి కట్టేశారు. రోజూ బడి వదిలేదాకా. ఇంటికొస్తే మా నాన్న. ఆయన అప్పట్లో దళానికి పెద్ద. కొండదేవతకి ఎడమచేతివాళ్ళంటే గిట్టదని ఆయన నమ్మకం. ఆవిడకి గిట్టనివాళ్ళ జాబితా చిన్నదేమీ కాదు: ఆడవాళ్ళు, ఈల వేసేవాళ్ళు, అందగత్తెలు. నువ్వు మొదటిదాన్లోకి వస్తావు. మూడోదాని సంగతి మీ అత్తయ్యని అడుగు. రెండో తరగతికొచ్చేసరికి కుడిచేత్తో తినడం, రాయడం వచ్చేశాయి. నా రాత అచ్చులో పోసినట్టుందన్నావు. అది నా రాత కాదు, ఆ గుడ్డది.

తుపాకి కూడా కుడిచేతిదే పట్టుకున్నాను. పదేళ్ళు. పదికి నాలుగు తగిలితే ఎక్కువ. 1983 మార్చిలో ఒక రోజు ఎలుగు పొదలోంచి లేచి పాతిక అడుగుల్లో నిలబడింది. నా చేతులు వాటంతటవే తుపాకిని ఎడమ భుజానికి మార్చేశాయి. నేను మార్చలేదు. ఒక్క తూటా. దగ్గర్లో ఎవరూ లేరు, ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి ఒదాతే వెళ్ళాను.

రైఫిల్ వచ్చాక నాన్న అడిగాడు, ఎడమదెందుకని. చవగ్గా వచ్చిందన్నాను. ఆయన నన్నొకసారి, రైఫిల్‌నొకసారి చూసి, "పిసినారి వెధవా" అన్నాడు. అంతటితో అయిపోయింది. ఆ పేరు ఊరంతా పాకింది. ఎనిమిదేళ్ళ తర్వాత ఆయన పోయాడు. అప్పుడు నిజం చెప్దామంటే ఎనిమిదేళ్ళు అబద్ధమాడినట్టు తేలుతుంది. అబద్ధాలకోరు కన్నా పిసినారే నయమనిపించింది. ఏడాదికి నలభై రోజులు కొండమీద ఉండేవాణ్ణి. ఆ నలభై రోజులూ నా చెయ్యి నాది.

గెంజోకి పెట్టె మానుకోమని చెప్పాను. రైఫిల్ నీకిస్తున్నానంటే, "ఆ పిల్ల కుడిచేతిది గదరా!" అన్నాడు. "నా మేనకోడలు గదా, అదీ పిసినారే. కొత్తది కొనకుండా ఉచితంగా వచ్చినదాంతో సరిపెట్టుకుంటోంది" అన్నాను. కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. ఇక నీ కంటి సంగతి వాడు పదేళ్ళదాకా అడగడు.

నా సంగతి ఎవరికీ చెప్పలేదు. మీ అత్తయ్యకి కూడా. ఆమెకి చెప్పకు. ఈ కవరు నేనే అతికిస్తున్నాను.

మామయ్య

(కవరు వెనక, పెన్సిల్‌తో)
కెటిల్ ఆవిరి పట్టించి తెరిచాను. నాకు చెప్పకు అన్నారు గదా, చెప్పకు. — యొ.


షిబెనై
అక్టోబర్ 27

మామయ్యకి,

మొదటి మంచు ఇరవై రెండున పడింది. అనుమతి నిన్న వచ్చింది.

ఆరు వారాలు పట్టింది. విచారణకి వచ్చింది హనవా అని కొత్త పోలీసాయన. ఎదురింటి ముసలావిడని నేను కిటికీ వెనక నిలబడి ఉండగానే అడిగాడు.

"ఈ అమ్మాయి ఎలాంటి మనిషమ్మా?"

"తిండి ఎక్కువ తింటుంది."

"తాగుతుందా?"

"పొద్దున లీటరు తాగుతుంది."

ఆయన పెన్ను ఆగిపోయింది. "పొద్దున్నేనా?"

"పితకగానే. వేడిగా ఉన్నప్పుడే మంచిదట."

"కోపం వస్తుందా? ఎవరి మీదైనా కేకలేస్తుందా?"

"ఒక్క ఆవు మీద. పేరు పెట్టి మరీ తిడుతుంది."

ఆ ఆవు ఎవరో తేల్చుకోవడానికి నా దగ్గరికొచ్చాడు. "ఎడమచేతి రైఫిల్ ఎందుకు?" అని అడిగాడు. ఎవరికైనా నిజం చెప్పాల్సి వస్తే పోలీసుతోనే మొదలుపెట్టడం మంచిదని చెప్పేశాను. కొమ్మ కాదు, కొమ్ము కాదు, తోక అని. ముందు నవ్వాడు. తర్వాత నిలబడి క్షమాపణ చెప్పాడు. తర్వాత 'పనిచేసే చోట ప్రమాదం' అని రాసుకున్నాడు. కళ్ళ పరీక్షలో ఎడమ కన్ను గట్టెక్కించింది. పక్కలకి చూపు నూట యాభై డిగ్రీలుంటే చాలు, నాకు నూట అరవై రెండు వచ్చింది. ఆ పన్నెండు డిగ్రీలూ మోమిజి తోక వచ్చే దిక్కుని కనిపెట్టడానికి వాడుకుంటాను.

'కారణం' గడిలో పంటల రక్షణ అనే రాశాను. హనవా గారు చదివి, "ఇంకేం లేవా?" అన్నాడు. "గడి చిన్నదండీ" అన్నాను.

నవంబర్ 5న వస్తాను. సాయంత్రం బస్సు.

చిహయా


హినొసవా
డిసెంబర్ 6

చిహయాకి,

నీ కార్డు అందింది. వంద మీటర్లలో ఐదు తూటాలూ అరచేతిలో పట్టేంత చోట పడ్డాయన్నావు, అన్నీ కాస్త కిందకి అన్నావు. కాల్చబోతూ ఊపిరి బిగబడుతున్నావు. సగం వదిలి కాల్చు. దళంలో నీ పేరు ఉంచారని మొదటి వాక్యంలో రాయాల్సింది చివరి వాక్యంలో రాశావు. ఉత్తరాలు రాయడం కూడా నేర్పాలి నీకు.

నువ్వు రైఫిల్ తీసుకుని వెళ్ళిన రోజు బస్సు దాకా రాలేదని నీకు కష్టమేసి ఉంటుంది. మోకాళ్ళన్నాను. మోకాళ్ళు కాదు.

నా అక్షరాలు చూసి కంగారు పడకు. జబ్బు చెయ్యలేదు. నువ్వు వెళ్ళాక ఈ చేతికి పని లేకుండా పోయింది. ఊరికే ఒళ్ళో పడి ఉంటోంది. ఇంత రాయడానికి మూడు రోజులు పట్టింది. ఒకటో తరగతి పిల్లాడు ఇంకా బాగా రాస్తాడు. నేను ఒకటో తరగతిలో ఆపేసిన చోటునుంచే మొదలుపెట్టాను మరి. అలిసిపోయాను. మిగతాది మీ అత్తయ్య

(అదే కాగితం, కింద)
చిహయా, కాగితం నా చేతికిచ్చి "నువ్వు రాయి" అన్నారు. ఏం రాయమంటారని అడిగితే, "నీకు తెలిసిందేదో రాయి" అన్నారు. అంటే ఆవిరి సంగతి తెలిసిందన్నమాట.

గెంజో నిన్న టీకి వచ్చాడు. ఈయన కప్పు ఎడమచేత్తో ఎత్తేసరికి అలాగే చూశాడు. "ఏంట్రా, చేతులు కూడా చవగ్గా దొరికాయా?" అన్నాడు. ఈయన, "కాదురా, ఇది మొదట్నించీ నాదే" అన్నారు. గెంజోకి అర్థం కాలేదు. రెండో కప్పు తాగి వెళ్ళిపోయాడు.

భోజనం మాత్రం గొడవగా ఉంది. చాప్‌స్టిక్స్ ఎడమచేత్తో పట్టుకుంటే ఆ మోచెయ్యి నేరుగా వచ్చి నా సూపు గిన్నెకి తగులుతోంది. మొదటి వారం రెండు గిన్నెలు పోయాయి. ఇంతకాలం ఈయనకి ఎడమపక్కన కూర్చున్నాను. నిన్నటినుంచి కుడిపక్కకి మారాను. ఇక్కణ్ణుంచి కిటికీ కనిపించదు గాని, ఈయన మొహం బాగా కనిపిస్తోంది.